తూమెడు వడ్ల బైబిలు

మొన్న ఇల్లు సర్దుతూ లెక్కపెడితే మా ఇంట్లో బైబిళ్ళు తొమ్మిది తేలాయి. పెళ్ళికి బహుమతిగా వచ్చినవి రెండు, పిల్లలకి సండేస్కూలు పోటీల్లో వచ్చినవి మూడు, మా ఆయన చర్చికి పట్టుకెళ్ళే జిప్పు బైబిలు, అత్తయ్యగారి పెద్దక్షరాలది, ఎవరో ప్రార్థనకి వచ్చి మర్చిపోయి వెళ్ళినది ఒకటి. ఫోన్లో ఉన్నవి వేరే లెక్క. ఈ తొమ్మిదిలో ఒక్కదాని ఖరీదే నాకు తెలుసు. తూమెడు వడ్లు.

అది మా నాయనమ్మ కొన్నది. నల్ల రెక్సిన్ అట్ట అట. నాకు ఊహ తెలిసేసరికే అది మట్టిరంగుకి తిరిగి, మూలల దగ్గర లోపలి అట్టముక్క బయటపడింది. పేజీల అంచులకి ఎరుపు. కీర్తనల దగ్గర మాత్రం ఆ ఎరుపు పూర్తిగా అరిగిపోయింది. అక్కడ వేలు పెడితే చాలు, పుస్తకం దానంతటదే తెరుచుకునేది.

మాది రేపల్లె దగ్గర పల్లె. ఊరికి ఎడంగా మా పేట, పేట మధ్యలో లూథరన్ గుడి. చర్చి అనే మాట మాకు పట్నం వెళ్ళాక అలవాటైంది, మేమంతా గుడి అనే అనేవాళ్ళం. 1842లో ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చి మొదలుపెట్టిన మిషను పని కాలవనీళ్ళలా పాయలు చీలుతూ మా వైపుకీ వచ్చింది. నాయనమ్మ చిన్నప్పుడు మిషను తరఫున ఒక బైబిలు స్త్రీ వచ్చి పాకల ముందు కూర్చుని వాక్యం చెప్పేదట. చెప్పడం, చెప్పించుకోవడం, అంతే. పలకా లేదు, పుస్తకమూ లేదు. అందుకే నాయనమ్మకి చదువు రాలేదు గాని విన్నది విన్నట్టు నిలిచిపోయేది. తరవాత రాత్రిబడి పెడితే నాలుగు రోజులు వెళ్ళిందట. అయిదో రోజు కలుపుతీత మొదలైంది.

1952లో కోతలయ్యాక, సైకిలు వెనక ట్రంకుపెట్టె కట్టుకుని పుస్తకాలమ్మే ఆయన పేటకి వచ్చాడు. నాయనమ్మ కోతకూలి కింద తెచ్చుకున్న వడ్లలోంచి తూమెడు షావుకారుకి కొలిచి, ఆ డబ్బుతో బైబిలు కొనేసింది. ఈ కొలతలు ఎరగనివాళ్ళ కోసం చెబుతున్నాను: నాలుగు కుంచాలు ఒక తూము. ఆ ఇంటికి అది దాదాపు వారం తిండి. తాత అగ్గిమీద గుగ్గిలమయ్యాడట. "నీకా చదువు రాదు, నాకా రాదు. పిల్లోడికి నాలుగేళ్ళు. ఎవరు చదువుతారని కొన్నావే?" అంటే నాయనమ్మ చెప్పిన జవాబు మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. "ఇంట్లో అంటూ ఉంటే ఎవరో ఒకరు చదవకపోతారా?"

ఆ నాలుగేళ్ళ పిల్లాడు మా నాన్న. ఆయనకి అక్షరాలు కూడబలుక్కోవడం రాగానే ఆ కొలువు ఆయనకి పడింది. నాన్న టీచరు ఉద్యోగానికి వెళ్ళిపోయాక బాబాయి. బాబాయి పెళ్ళయి వేరే ఊరు వెళ్ళాక, 1980లో, మూడో తరగతిలో ఉన్న నేను.

రాత్రి అన్నాలయ్యాక మొదలు. నాయనమ్మ కాళ్ళూ చేతులూ కడుక్కుని, కొంగు తలమీదకి లాక్కుని, పీట మీద బైబిలు పెట్టి, లాంతరు నా వైపుకి జరిపేది. ఆ లాంతరులో చమురు వేరు. కోటా కిరసనాయిలు తేగానే ఒక చిన్న సీసాలో పోసి గూట్లో దాచేది. అది 'వాక్యం చమురు'. నా హోంవర్కుకి కూడా ముట్టుకోనిచ్చేది కాదు. "లెక్కలు పొద్దున చేసుకోవచ్చు, సూర్యుడు ఊరికే వెలుగిస్తాడు" అనేది.

నేను చదివేదాన్ని. ఆమె కళ్ళు మూసుకుని వినేది. ఎక్కడో ఒకచోట "చాలు" అనేది. ఆ 'చాలు' ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు, అదే నా బాధ. అధ్యాయం చివరా కాదు, కథ ముగిసిన చోటా కాదు. ఒక్కోసారి పదిహేను వచనాలు, ఒక్కోసారి ఒక్కటి. "యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు" దగ్గర నాలుగు రాత్రులు ఆగిపోయాం. మొదటి రోజు చదవగానే "చాలు" అంది. రెండో రోజు మళ్ళీ అదే చదవమంది. మూడో రోజు అడిగింది: "లేమి లేదంటన్నాడు కదే, మరి మనకి ఉందేం?" ఎనిమిదేళ్ళదాన్ని, నాకేం తెలుసు! ఆదివారం గుడి అయ్యగారిని అడిగింది. ఆయన చాలాసేపే చెప్పారు. నాయనమ్మ ఇంటికొచ్చేదాకా ఏమీ మాట్లాడలేదు. ఆ రాత్రి మాత్రం "రెండోది చదువు" అంది. పచ్చికగల చోట్లకి వెళ్ళాం.

ఆగిన చోట గుర్తుకి ఒక తాటాకు ముక్క పెట్టేది. ఆ ముక్కని నేను ముట్టుకోకూడదు, ఆమే పెట్టాలి. అక్షరం రాని మనిషి ఏ పేజీలో ఏ వైపు ఆగామో ఎలా గుర్తుపెట్టుకునేదో నాకు చాలాకాలం వింతగా ఉండేది.

ఆ పద్ధతి వల్ల యోసేపు మా ఇంట్లో తొమ్మిది రోజులు గుంటలో ఉన్నాడు. నిజం. ఆదికాండం ముప్పై ఏడో అధ్యాయం. అన్నలు పట్టుకుని అంగీ లాక్కుని గుంటలో పడేశారు. "ఆ గుంట వట్టిది, అందులో నీళ్లులేవు" అని నేను చదవగానే నాయనమ్మ "చాలు" అంది. నాకు ఏడుపొచ్చింది. తరవాత ఏమైందో చెప్పమంటే "రేపు చదూతావుగా" అంది. ఆ రేపటి నుంచే నాట్లు. చీకటితో వెళ్ళి చీకటిపడ్డాక వచ్చి, తిని, పడుకున్నట్టే నిద్రపోయేది. నేను దొంగతనంగా చదువుకోవచ్చు, బైబిలు గూట్లోనే ఉంది. కానీ తాటాకు కదిలితే తెలిసిపోతుందని భయం. బళ్ళో కూర్చున్నా, గోళీలు ఆడుతున్నా, ఆ పిల్లాడు గుంటలో ఉన్నాడు, అన్నలు పైన ఉన్నారు అన్నదే ఆలోచన. తొమ్మిదో రాత్రి నాట్లయిపోయాక నాయనమ్మ వచ్చి కూర్చుని, నేను తెరవకముందే అంది: "నీళ్లు లేవని రాశారు చూడు. నడుమొంచి నీళ్ళల్లో నించున్నంతసేపూ అదే అనుకున్నా. నీళ్ళుంటే పోయేవాడే." నేను తొమ్మిది రోజులు బెంగపెట్టుకున్నట్టే తనూ తొమ్మిది రోజులు ఆ గుంట దగ్గరే ఉందని అప్పుడు నాకు తట్టలేదు.

నాకు అర్థం కాని మాటలు బైబిల్లో బోలెడు. ఉండెను, చేయుదును, గద్దించెను. బడిపుస్తకంలో లేని తెలుగు. చిత్రంగా నాకు తెలియనివన్నీ నాయనమ్మకి తెలుసు. దీపం వెలిగించి కుంచం కింద పెట్టరు అని చదివి "కుంచమంటే?" అని అడిగితే, లేచి వెళ్ళి అటక మీది కుంచం దించి లాంతరు మీద బోర్లించి చూపించింది. ఇల్లంతా చీకటైపోయింది. "ఇదీ" అంది చీకట్లోంచి. ఆయన చేట ఆయన చేతిలో ఉన్నది, కళ్లము శుభ్రము చేసి పొట్టును కాల్చివేయును అని బాప్తిస్మమిచ్చు యోహాను అంటే నాకు అదొక బెదిరింపులా వినపడేది. ఆమెకి అది తన పని. "గాలి ఎటు వీస్తందో చూసుకోకండా తూర్పారపడితే పొట్టంతా కళ్ళల్లోనే" అని నవ్వేది.

కానీ రూతు గ్రంథం చదివిన రాత్రులు వేరు.

1983 సంక్రాంతి ముందు. మా పొలాల్లో కుప్పలు నూర్చేశారు. నాయనమ్మ పగలంతా పరిగె, అంటే కోసిన చేలో రాలిన కంకులు, ఏరుకొచ్చి, సాయంత్రం ఆ కంకులు చేత్తో నలిపి చేట్లో పోసుకుంది. రాత్రి నేను రూతు రెండో అధ్యాయం తీశాను. కావాలని తీసింది కాదు, మొదటి అధ్యాయం ముందురోజే అయిపోయింది. రూతు పొలంలోకి పోయి పరిగె ఏరుకుంటానని అత్తతో అనడం చదవగానే నాయనమ్మ కళ్ళు తెరిచింది. ఎప్పుడూ మూసుకుని వినే మనిషి.

"ఏందీ? పరిగె అని రాశారా?"

"పరిగె అనే ఉంది."

"ఏదీ, చూపీ."

వేలు పెట్టి చూపించాను. మూడక్షరాలు. ఆమె ఆ మూడింటి మీద తన వేలు పెట్టి కాసేపు ఉంచింది. ఆ గోరులో ఇంకా పొలం మట్టి ఉంది.

ఆ రాత్రి 'చాలు' రాలేదు. "ఊ, ఊ" అంటూనే ఉంది. ఆ పొలం ఆసామి బోయజు వచ్చి పనివాళ్ళని పలకరించడం, ఈ పిల్ల ఎవరిదని అడగడం. "మంచి ఆసామే" అంది. ఆమె కోసం పిడికెళ్ళు కావాలనే పడవేయండి, గద్దించకండి అని బోయజు చెప్పిన చోట గట్టిగా గాలి వదిలింది. మా ఊళ్ళో పరిగె ఏరేవాళ్ళని గెనెం మీద నుంచే తరిమేసేవాళ్ళూ ఉన్నారు, చూసీ చూడనట్టు పోయేవాళ్ళూ ఉన్నారు. ఎవరు ఎలాంటివాళ్ళో ఆమెకి చేను చేనుకీ తెలుసు. తరవాత వచనం చదివాను. సాయంత్రం దాకా ఏరుకుని, ఏరినదాన్ని దుళ్లగొడితే అవి దాదాపు తూమెడు యవలయ్యాయి.

"తూమెడా?" నాయనమ్మ గొంతు మారిపోయింది. "ఒక్కరోజు పరిగె తూమెడా? నేను నెల్లాళ్ళు ఏరితే రాదే! అత్త అడక్కపోద్దా, ఇన్ని గింజలు ఎక్కడియ్యే అని?"

మరుసటి వచనాల్లో రూతు అత్త నయోమి అదే అడుగుతుంది. నేడు నీవెక్కడ ఏరుకొంటివి అని. అది చదవగానే నాయనమ్మ చప్పట్లు కొట్టినంత పనిచేసింది. తరవాత కాస్త తగ్గి, బైబిలు వైపు చూస్తూ మెల్లగా అంది: "నేనూ దీనికి తూమెడే ఇచ్చా."

అప్పటినుంచి ఎంతోమంది పెద్దల నోట రూతు మీద వాక్యం విన్నాను. బంధువు, విడిపించేవాడు, క్రీస్తుకి ఛాయ, అన్నీ సరైనవే. కానీ ఒక్కరోజు పరిగెకి తూమెడు అనేది అసాధ్యమైన లెక్క అని, ఆ లెక్కలోనే బోయజు మనసు దొరికిపోతుందని ఎవరూ చెప్పలేదు. అది పరిగె ఏరినవాళ్ళకే కనపడుతుంది.

చాలా ఏళ్ళ తరవాత తెలుగు బైబిలు చరిత్ర కొంత చదివాను. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ 1730ల నాటికే తెలుగులోకి తర్జుమా చేశాడనీ, అది అచ్చుకి నోచుకోలేదనీ. 1805లో విశాఖపట్నం వచ్చిన డెస్ గ్రాంజెస్ అనే ఆయన, ఆనందరాయరు సాయంతో సువార్తలు తెలుగు చేస్తూ 1810లోనే చనిపోయాడనీ, అవి 1812లో సేరంపూరులో అచ్చయ్యాయనీ. ఆ తరవాత ఎందరి చేతులో పడి, ఎన్నిసార్లో దిద్దుకుని మన చేతికొచ్చింది. హెబ్రీలో ఎఫా అనే కొలత ఉన్నచోట 'తూమెడు' అని పెట్టిన చెయ్యి ఎవరిదైనా, ఆ చెయ్యి కళ్లం చూసిన చెయ్యి. ఆ మాట లేకపోతే మా నాయనమ్మ ఆ రాత్రి కళ్ళు మూసుకునే వినేది.

ఇలా చెబితే నేనేదో భక్తిగల పిల్లనని అనుకుంటారు. కాదు. సండేస్కూల్లో కంఠత వాక్యం అడిగితే అందరూ "యేసు కన్నీళ్లు విడిచెను" అని చెప్పి కూర్చునేవాళ్ళు, మూడు మాటలే కాబట్టి. నేను ఇంకా తెలివి ఉపయోగించి "యెడతెగక ప్రార్థనచేయుడి" అని రెండు మాటలది పట్టాను. ఏడాదిన్నర దాన్నే చెప్పాను. రాత్రి చదివేటప్పుడు నిద్రొస్తే వచనాలు మింగేదాన్ని. ఒకసారి మొదటి దినవృత్తాంతములు వచ్చింది. తొలి తొమ్మిది అధ్యాయాలూ పేర్లే. ఫలానావాని కుమారుడు ఫలానావాడు. నోరు తిరగదు. వీధిలో పిల్లలు వెన్నెల్లో ఆడుతున్న అరుపులు వినపడుతున్నాయి. ఒక అరపేజీ దాటించేశాను.

"మద్దెలో ఏదో మింగావు" అంది.

"ఏమీ లేదు, ఉత్త పేర్లే నాయనమ్మా."

"పేర్లయితే మాత్రం? చదువు. ఎవురూ చదవకపోతే ఆళ్ళేమైపోవాల?"

విసుగ్గా మళ్ళీ మొదలుపెట్టి అన్ని పేర్లూ చదివాను. తప్పుల తడకగానే. ఆమె ఒక్కో పేరుకీ ఊ కొట్టింది, హాజరు వేసినట్టు. నాయనమ్మకి నాన్నకంటే ముందు ఇద్దరు పిల్లలు పుట్టి పోయారని, వాళ్ళ పేర్లు ఏ కాగితంలోనూ లేవని నాకు అమ్మ తరవాతెప్పుడో చెప్పింది.

బైబిలు అంత లావుగా ఉబ్బి ఉండటానికి కారణం 1977 నవంబరు 19 తుపాను. దివిసీమని ఉప్పెన ముంచేసిన రోజు. మాకు సముద్రం ఇంట్లోకి రాలేదు గాని గాలికి పైకప్పు మొత్తం ఎగిరిపోయింది. నాకు అయిదేళ్ళు, ఆ చీకట్లో గుడిలో అందరం ఒకరి మీద ఒకరు కూర్చోవడం లీలగా గుర్తు. నాయనమ్మ బైబిలుని పాత చీరలో చుట్టి పొట్ట దగ్గర పెట్టుకుని వెళ్ళిందట, అయినా తడిసింది. నీళ్ళు తీసిన తరవాత, తినడానికి గింజలు లేని ఆ రోజుల్లో, గుడి మెట్ల మీద కూర్చుని ఒక్కో పేజీ విడదీసి ఎండబెట్టిందట. యెహెజ్కేలులో నాలుగు పేజీలు అతుక్కుపోయి ఇప్పటికీ రావు.

ఆ తుపాను గురించి నాయనమ్మ ఎప్పుడూ మాట్లాడేది కాదు. మా కరెంటు వచ్చిన ఏడు, 1985 అనుకుంటాను, నలభై రెండో కీర్తన చదువుతున్నాను. "కరడు కరడును పిలుచుచున్నది, నీ అలలన్నియు నీ తరంగములన్నియు నా మీదుగా పొర్లి పారియున్నవి." బల్బు వెలుగుతున్నా ఆమె లాంతరు ఆర్పనిచ్చేది కాదు, కాబట్టి మొహం బాగా కనిపించింది. "మళ్ళీ" అంది. చదివాను. "మళ్ళీ." నాలుగోసారి చదివాక, "అట్టాగే అరిచింది ఆ రాత్రి. ఒకదాన్నొకటి పిలుచుకున్నట్టే" అంది. మరేమీ చెప్పలేదు. తాటాకు అక్కడ పెట్టింది. మూడు రోజులు కదపలేదు.

రాత్రి సంగతులు ఇవి. తెల్లవారుజాము సంగతి వేరే ఉంది.

నాలుగింటికే లేచేది. వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లేది. నాకు నిద్రలో చీపురు చప్పుడుతో పాటు ఒక గొణుగుడు వినపడేది. పాటా కాదు, మాటా కాదు. రాత్రి ఆగిన వచనమే. చీపురు ఒక్కో విసురుకి ఒక్కో ముక్క. "నీ వాక్యము... నా పాదములకు... దీపమును... నా త్రోవకు..." పొయ్యి ఊదుతూ అదే, పొలం దారిలో అదే. తోటి కూలీలు "ఏందే నీలో నువ్వు మాట్టాడుకుంటన్నావు?" అని నవ్వేవాళ్ళట. నాకు బళ్ళో ఎవరైనా "మీ నాయనమ్మ గొణుక్కుంటది" అంటే సిగ్గేసేది.

1989లో ఇంటర్‌కి గుంటూరు హాస్టల్‌కి వచ్చేశాను. ఆ తరవాత ఆమెకి చదివి వినిపించింది చిన్న బాబాయి కూతురు. 1996లో నాయనమ్మ పోయింది. బైబిలు నాకు ఇచ్చారు.

తరవాత కథ అందరిదీ. చదువు, ఉద్యోగం, పెళ్ళి, హైదరాబాదు, పిల్లల టెన్షన్లు. బైబిలు చదవడం మానలేదు, అలాగని చదివానని చెప్పుకోనూలేను. జనవరి ఫస్టు రాత్రి ఆరాధనలో వచనం రాసిన వాగ్దాన కార్డు తీసుకోవడం, ఫ్రిజ్ మీద అంటించడం, మార్చికల్లా ఏం రాసుందో మర్చిపోవడం. మెట్రో వచ్చాక మియాపూర్ నుంచి వెళ్ళేటప్పుడు ఆడియో బైబిలు అలవాటు చేసుకున్నాను, ఒకటిన్నర రెట్ల వేగంతో. యాప్‌లో వరసగా ఎన్ని రోజులు చదివామో లెక్క వస్తుంది. నాది 212 దాకా వెళ్ళింది. ఆ అంకెని స్నేహితురాలికి చూపించాను కూడా. ఆ 212 రోజుల్లో ఒక్క వచనం కూడా నా వెంట స్టేషను బయటికి రాలేదు.

మా చర్చిలో ఒక రిటైర్డు పాస్టరుగారు బుధవారాలు బైబిలు స్టడీ చెప్పేవారు. ఒకసారి మొదటి కీర్తన. "దివారాత్రము దానిని ధ్యానించువాడు ధన్యుడు." ధ్యానం అంటే మనం కళ్ళు మూసుకుని నిశ్శబ్దంగా కూర్చోవడం అనుకుంటాం, కానీ ఇక్కడ హెబ్రీ మాట 'హగా', అంటే లోగొంతుతో గొణగడం అన్నారు. యెషయాలో సింహం తన వేట మీద నిలబడి గుర్రుమనడానికి ఇదే మాట, హిజ్కియా రాజు జబ్బుపడి "గువ్వవలె మూల్గితిని" అన్నప్పుడూ ఇదే మాట అన్నారు. అందరూ రాసుకుంటున్నారు. నా పెన్ను కదల్లేదు. నా చెవుల్లో చీపురు చప్పుడు.

ఇప్పుడు అత్తయ్యగారి సంగతి. ఆవిడ రిటైర్డు హెడ్‌మిస్ట్రెస్. బైబిల్లో 1189 అధ్యాయాలు, రోజుకి మూడు, ఆదివారం అయిదు చదివితే ఏడాదిలో ముగుస్తుంది అన్నది ఆవిడ లెక్క. ముప్పై ఒక్క ఏళ్ళు అలాగే ముగించారు. చివరి ఖాళీ పేజీ మీద పెన్సిలుతో ముప్పై ఒక్క గీతలు. మూడేళ్ళ క్రితం షుగరు వల్ల చూపు పోయింది. పెద్దక్షరాల బైబిలు తెచ్చాం, కొన్నాళ్ళకి అదీ కుదరలేదు. ఆడియో పెడితే, "వాడెవడో నాకు చదివినట్టు లేదు, రేడియోలో వార్తల్లా ఉంది" అన్నారు. మళ్ళీ నేనే.

నలభై ఏళ్ళ తరవాత మళ్ళీ రాత్రిపూట, ఒక పెద్దావిడ ఎదురుగా. కానీ ఈవిడ దగ్గర 'చాలు' లేదు. మూడంటే మూడు అధ్యాయాలు. ఒత్తు తప్పితే దిద్దుతారు. నేను ఎక్కడైనా ఒక వచనం దగ్గర నిలబడితే, "అమ్మాయ్, ఇలా ఆగుతూ పోతే లేవీయకాండంలోనే మనకి క్రిస్మస్ వస్తుంది" అంటారు. నేను లోపల్లోపల నాయనమ్మతో పోల్చుకుని, ఇది టిక్కు పెట్టుకునే చదువు అని చిన్నచూపు చూశాననే చెప్పాలి.

అది తప్పని నాకు ఈ జనవరిలో తెలిసింది. మళ్ళీ ఆదికాండం మొదలుపెట్టాం, ఈసారి నాయనమ్మ బైబిల్లోనే. ఆవిడే అడిగారు, ఆ పాత కాయితం వాసన బాగుందని. ముప్పై ఏడో అధ్యాయానికి వచ్చాం. "ఆ గుంట వట్టిది, అందులో నీళ్లులేవు" చదివి, అలవాటుగా ముందుకి పోబోయాను.

"ఉండు" అన్నారు అత్తయ్య.

ఆవిడ నోట ఆ మాట వినడం అదే మొదలు.

"యిర్మీయాని కూడా గోతిలో దించారు కదూ. ముప్పై ఎనిమిదో అధ్యాయం. అక్కడా ఇదే రాశారు, 'ఆ గోతిలో నీళ్లు లేవు, బురదమాత్రమే యుండెను' అని. జెకర్యాలో కూడా ఉంది చూడు, నీరులేని గోతిలోనుండి నీవారిని విడిపించెదను అని. తొమ్మిదో అధ్యాయం." ఒక్క పేజీ తిప్పకుండా, చూపులేని కళ్ళతో ఎదురు గోడ వైపు చూస్తూ చెప్పారు. "ఇన్నేళ్ళూ ఈ మూడు గోతులూ దాటుకుంటూ పోయాను గాని ఒకచోట పెట్టి చూళ్ళేదు."

నాయనమ్మకి ఒక గుంట పూర్తిగా తెలుసు. యిర్మీయా గోతి దాకా మేమెప్పుడూ వెళ్ళనేలేదు, ఆ నడకకి అంత దూరం సాధ్యం కాదు. అత్తయ్యకి అన్ని గోతులూ తెలుసు. నాయనమ్మ నాట్లలో నిలబడి తొమ్మిది రోజులు ఆ గుంట గురించే ఆలోచించిన సంగతి ఆవిడకి చెప్పాను. చాలాసేపు విన్నారు. పదిన్నరయింది. ఆ రోజు మూడు అధ్యాయాలు కాలేదు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ రాజమండ్రి, మా ఆడపడుచు ఇంటికి వెళ్ళాలి. పది రోజులకి టికెట్లు ముందే తీసి ఉన్నాయి. నాలుగో రోజు రాత్రి, మామూలుగా మేము చదువుకునే వేళకి ఫోను చేశారు. మందులు, మనవడి జలుబు, అక్కడి సంగతులు అన్నీ అయ్యాక అడిగారు.

"ముందుకి చదివేశావా?"

"లేదత్తయ్యా."

"చదవకు. నేనొచ్చేదాకా అతన్ని అక్కడే ఉండనీ" అన్నారు, ముప్పై ఒక్కసార్లు ఆ కథ ముగింపు చదివిన మనిషి.

తాటాకు ముక్క ఎప్పుడో పొడైపోయింది. దాని బదులు మెట్రో కార్డు పెట్టాను, ఆ గుంట దగ్గరే.